పదో చెయ్యి

రాణిగారు వస్తున్నారని కబురందిన దగ్గర్నుంచీ ఆ ఆసుపత్రిలో ఎవరికీ ఒంటి మీద స్పృహ లేదు. గోడలకు కొత్త రంగు, తలుపులకు కొత్త పిడులు. రెండేళ్ళుగా కారుతున్న కుళాయి ఒక్క పూటలో బుద్ధి తెచ్చుకుని కారడం మానేసింది. రాణిగారు చూడబోయే రెండో అంతస్తు వార్డులో బాగా దగ్గేవాళ్ళనూ, మూలిగేవాళ్ళనూ, చూడటానికి కళగా లేనివాళ్ళనూ మంచాలతో సహా నాలుగో అంతస్తుకు తోసేశారు. వాళ్ళ స్థానంలో కాలో చెయ్యో విరిగినా మొహం బాగున్నవాళ్ళను తెచ్చి పడుకోబెట్టారు. "నవ్వగలరా?" అని అడిగి మరీ ఏరారు. రోగం సంగతి ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ వార్డు నేలను ఇరవై ఆరేళ్ళుగా తుడుస్తున్న మనిషిని కూడా ఏరారు. డాక్టర్లతో సహా అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. వార్డు ముందు వసారాలో వరసగా నిలబడి రాణిగారితో చెయ్యి కలిపే పద్నాలుగు మంది సిబ్బందిలో ఆమెకూ చోటు దొరికింది. జాబితా చదివి వినిపించిన హెడ్ నర్సు ముందు ఆమె గోళ్ళు చూసింది, తర్వాత మొహం చూసింది.

"ఆ చేతులేంటి అట్లా ఉన్నాయి? ఈ వారం రోజులూ ఏదైనా నూనె రాయి," అంది.

ఫినాయిలు నీళ్ళలో ఇరవై ఆరేళ్ళు నానిన చేతులు వారం రోజుల నూనెకు లొంగుతాయా? అయినా రాసింది. రాత్రిళ్ళు చేతులకు గుడ్డ చుట్టుకుని పడుకుంది.

ఆమెకు నిజంగా తమ్ముడయ్యే మనిషి ఊళ్ళో ఒక్కడే. అతను ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫరు. అంటే ఏ పేపరులోనూ ఉద్యోగం లేనివాడు, అన్ని పేపర్ల గుమ్మాలూ తొక్కేవాడు. జనం వెనక నిలబడినా బొమ్మ దొరకాలని ఎప్పుడూ ఒక అల్యూమినియం నిచ్చెన భుజాన వేసుకుని తిరుగుతాడు కాబట్టి తోటి ఫోటోగ్రాఫర్లు అతనికి నిచ్చెన అని పేరు పెట్టారు. ఇరవయ్యేళ్ళుగా ఆ నిచ్చెన ఎక్కుతూనే ఉన్నాడు, జీవితంలో మాత్రం ఒక్క మెట్టు పైకి పోలేదు. ఫోటో ఏజెన్సీలో డెస్క్ చూసే పెద్దాయన ప్రతి ఏడూ "ఈసారి నీకు ఏజెన్సీ ఉద్యోగి కార్డు ఇప్పిస్తానయ్యా" అంటాడు. ప్రతి ఏడూ ఆ కార్డు ఇంకెవరి మెడలోనో వేలాడుతుంది.

అమ్మా నాన్నా పోయేనాటికి నిచ్చెనకు పన్నెండేళ్ళు. అక్కే పెంచింది. కెమెరా పట్టుకోవడం నేర్చుకుంటున్న రోజుల్లో అతని ముందు గంటలకొద్దీ కూర్చున్నదీ అక్కే. "ఇటు తిరుగు, అటు చూడు, కదలకు" అంటే ఎదురు చెప్పకుండా కూర్చునేది. ఆ ఫోటోలన్నీ వెలుతురు నేర్చుకోవడానికి తీసినవే, ఒక్కటీ కాగితం మీదికి ఎక్కించింది కాదు. ఊళ్ళో వాళ్ళందరి పెళ్ళిళ్ళూ తీసిన మహానుభావుడి సొంత అక్క ఇంట్లో ఆమె బొమ్మ ఒక్కటంటే ఒక్కటి లేదు.

అందుకే ఈసారి ఆమె గట్టిగా పట్టుబట్టింది.

"ఒరేయ్, నాకు ఇంకేం వద్దు. రాణిగారు నా చెయ్యి పట్టుకున్నప్పుడు ఒక్క ఫోటో. ఇద్దరం బాగా కనపడాలి. ఇదిగో, గోడకి మేకు కూడా కొట్టేశాను."

"తీస్తాలే అక్కా."

"తీస్తాలే కాదు. ఇన్నేళ్ళలో నిన్ను ఏమన్నా అడిగానా?"

అడగలేదు. ఆ సంగతి నిచ్చెనకూ తెలుసు. ఆ మాటతో అతనికి కాస్త సిగ్గేసింది. నా పీక మీద కత్తి పెట్టినా ఈ ఫోటో తెస్తానని మనసులో ఒట్టు వేసుకున్నాడు. అప్పటికి ఆ ఒట్టు అబద్ధం కాదు.

ఆ రోజు పొద్దున్నే ఫోటోగ్రాఫర్లు ఏడుగురినీ వసారాలో ఒక మూల, తాడు కట్టిన చోట నిలబెట్టారు. ఆ చోటును వాళ్ళు దొడ్డి అంటారు. నేల మీద రంగు టేపు ముక్కలు అతికించి అంకెలు వేశారు. ఎవరి అంకె మీద వాళ్ళు నిలబడాలి, అడుగు ఇటూ అటూ కాకూడదు. నిచ్చెనకు ఏడో అంకె వచ్చింది, అందరికంటే చివర. అతని అసలు నిచ్చెనను గేటు దగ్గరే లాగేసుకున్నారు. అది లేకపోతే అతను ఐదడుగుల నాలుగంగుళాల మామూలు మనిషి.

రాజభవనం నుంచి వచ్చిన అధికారి సన్నటి గొంతుతో రూల్సు చెప్పుకొచ్చాడు. ఫ్లాష్ కొట్టకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. మోకాలి మీద కూర్చోకూడదు.

"ఇంకొకటి. ప్రతి పదిమందితో చెయ్యి కలిపాక రాణిగారు ఒకసారి చేతులు శుభ్రం చేసుకుంటారు. ఇది డాక్టర్లు పెట్టిన ఏర్పాటు, రాజ్యంలో ఎక్కడికి వెళ్ళినా ఇంతే. బట్ట పట్టుకున్న నర్సు ముందుకు అడుగు వేయగానే మీరందరూ కెమెరాలు కిందికి దించాలి. ఇది ఆజ్ఞ కాదు. మీ పెద్దవాళ్ళు ఎప్పట్నుంచో పాటిస్తున్న మర్యాద."

అందరూ తలలూపారు. నిచ్చెన కూడా ఊపాడు కానీ అతని చెవులు అక్కడ లేవు. కళ్ళు సిబ్బంది నిలబడాల్సిన వరస మీద ఉన్నాయి. అక్కది తొమ్మిదో చోటు. దాని పక్కనే స్తంభం. స్తంభం నీడ సరిగ్గా తొమ్మిదో మనిషి మొహం మీద పడుతోంది. పదో చోటు మాత్రం కిటికీకి ఎదురుగా, మెత్తటి వెలుతురులో, అడిగి చేయించుకున్నట్టుంది. అక్కడ నిలబడింది ఇస్త్రీ గదిలో పనిచేసే ఆవిడ.

నిచ్చెన హెడ్ నర్సుకు సైగ చేసి పిలిచాడు.

"మేడం, ఆ ఇద్దర్నీ అటూ ఇటూ మారిస్తే ఫోటో బాగా వస్తుంది. మీరు కూడా పడతారు, వెనకాల."

తనూ పడుతుందనేసరికి హెడ్ నర్సు మరో మాట అడగలేదు. ఇస్త్రీ ఆవిడను తొమ్మిదికి తోసి, అక్కను పదికి లాగింది. ఎందుకు మార్చారో ఇస్త్రీ ఆవిడకు అర్థం కాక మొహం ముడుచుకుంది. అక్కకు మాత్రం అర్థమైంది. వరసలోంచి తమ్ముడి వైపు చూసి, ఎవరూ గమనించకుండా చిన్నగా నవ్వింది. నిచ్చెనకు గర్వంగా అనిపించింది. అక్క కోసం ఇన్నాళ్ళకి ఒక పని చేశానని ఛాతీ పొంగింది కూడా.

పదకొండు గంటలకు రాణిగారు వచ్చారు. టీవీలో చూసినదానికంటే చిన్న మనిషి. లేత రంగు కోటు, మడమ తక్కువ చెప్పులు, అలసిపోయిన కళ్ళు. పక్కన సూపరింటెండెంటు. ఆయన వంగి వంగి నడుస్తుంటే ఆయన బట్టతల రాణిగారి కంటే ముందు నడుస్తున్నట్టుంది. ఒక్కో మనిషి దగ్గర ఒక చిరునవ్వు, ఒక మాట, చెయ్యి అందుకోవడం, వదలడం. అంతా నాలుగు లెక్కపెట్టేలోగా అయిపోతోంది. ఏడుగురి కెమెరాలూ టకటకా మోగుతున్నాయి.

అక్క దగ్గరకు వచ్చారు. రాణిగారు చెయ్యి చాచారు. అక్క రెండు చేతులా అందుకోబోయి, ఒక్క చెయ్యే ఇవ్వాలని చెప్పింది గుర్తొచ్చి ఒకటి వెనక్కి తీసుకుంది.

"ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారు?"

"ఇరవై ఆరేళ్ళమ్మా."

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు తానూ ఏదో చెప్పాలని మధ్యలోకి వంగాడు. నిచ్చెన కెమెరాలో రాణిగారూ లేరు, అక్కా లేదు, కలిసిన చేతులూ లేవు. నిగనిగలాడుతున్న బట్టతల ఒక్కటే ఉంది. అడుగు పక్కకు వేద్దామంటే కాళ్ళ కింద టేపు. ఎత్తు ఎక్కుదామంటే నిచ్చెన గేటు దగ్గర. పళ్ళు పటపటా కొరుక్కుంటూ నొక్కుతూనే ఉన్నాడు. పడిందల్లా బట్టతలే.

సూపరింటెండెంటు వెనక్కి జరిగాడు. చేతులు అప్పటికే విడిపోయాయి. అక్క తల వంచి మళ్ళీ ఎత్తింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. మొహం నిండా నవ్వు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు. రాణిగారితో కలిపిన చేతిని గుండెకు ఆనించుకుని, ఆ వసారాలో తనొక్కతే ఉన్నట్టు నిలబడిపోయింది. నలభై ఏళ్ళలో తమ్ముడు ఆ మొహంలో అంత సంతోషం ఎన్నడూ చూడలేదు.

ఆమెకు అడుగు దూరంలో నర్సు ముందుకు వచ్చి తడి బట్ట అందించింది. రాణిగారు చూపు ఎటో పెట్టి, వేలు వేలూ, అరచేయీ తుడుచుకోసాగారు.

దొడ్డిలో ఆరు కెమెరాలు కిందికి దిగాయి.

పది. ఆ అంకె అప్పుడు తట్టింది నిచ్చెనకు. తనే జరిపించిన చోటు. ఇది ఏర్పాటు ప్రకారం జరుగుతున్నదనీ, అక్కడ ఎవరు నిలబడినా ఇంతేననీ తెలుసు. అక్క కళ్ళు మూసుకుని ఉందనీ, ఆమెకు ఇది కనపడటం లేదనీ తెలుసు. ఒక మనిషి ఆనందంతో ఏడుస్తుంటే, ఆమెను తాకిన చేతిని రాణిగారు పక్కనే తుడుచుకుంటున్న బొమ్మ ఎలాంటిదో కూడా తెలుసు. ఇరవయ్యేళ్ళలో అలాంటిది అతని కెమెరా ముందుకు రాలేదు. ఇవన్నీ తెలిసే నొక్కాడు. పొరపాటున ఒకసారి కాదు, పదకొండుసార్లు.

పక్కన ఆరో అంకె మీదున్న ముసలి ఫోటోగ్రాఫరు ఆ చప్పుడు విని తల తిప్పి చూశాడు. మెల్లగా అరడుగు అవతలికి జరిగి నిలబడ్డాడు, టేపు దాటి.

మధ్యాహ్నం ఆసుపత్రి మెట్ల కింద కూర్చుని నిచ్చెన ఫోటోలు పంపాడు. ఆ ఒక్క ఫోటో దగ్గర కాసేపు ఆగాడు. ఆగాడని చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. ఫోటో కింద వివరం పద్ధతిగా రాశాడు: పదిమందికి ఒకసారి ఇలా శుభ్రం చేసుకోవడం డాక్టర్ల ఏర్పాటు అని, ఇందులో అవమానమేమీ లేదని. ఆ వాక్యాలు పేపర్లోకి వెళ్ళవని అతనికి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. రాసి పెట్టుకుంటే రేపు చూపించుకోవడానికి బాగుంటుంది.

ఐదు నిమిషాల్లో డెస్క్ పెద్దాయన ఫోను.

"ఒరేయ్ నిచ్చెనా! ఇది ఇంకెవరి దగ్గరన్నా ఉందా?"

"లేదు సార్. నా ఒక్కడి దగ్గరే."

"ఎవరయ్యా ఆవిడ? తెలుసా నీకు?"

నిచ్చెన నోరు తెరిచాడు. తెలుసు అంటే పేరు చెప్పాలి, వరస చెప్పాలి. వరస చెబితే ఫోటో విలువ ఏమవుతుందో, తన విలువ ఏమవుతుందో.

"తెలియదు సార్. ఎవరో ఊడ్చే ఆవిడ," అన్నాడు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళకుండా ఉండాల్సింది. రమ్మని నాలుగుసార్లు ఫోను చేస్తే వెళ్ళాడు. ఆమె కాళ్ళు నేల మీద ఆనడం లేదు. కుడి చేతికి నీళ్ళు తగలనివ్వకుండా ఎడమ చేత్తోనే టీ పెట్టింది, ఎడమ చేత్తోనే కప్పు అందించింది.

"ఎంత మెత్తగా ఉందనుకున్నావురా ఆవిడ చెయ్యి! వేడిగా కూడా ఉంది. నేను ఇంకా రాణుల చేతులు చల్లగా ఉంటాయేమో అనుకున్నా. నా చెయ్యి గరుగ్గా తగిలుంటుంది పాపం. అయినా మొహం చిట్లించలేదు, చూశావా?"

"చూశాను."

"ఫోటో చూపించవేం?"

"రేపు పేపర్లో చూద్దువుగాని."

"పేపర్లో వేస్తారా?" అంది నమ్మలేనట్టు. వెంటనే ఫోను అందుకుని వార్డులో తనతో పనిచేసే వాళ్ళందరికీ పేరు పేరునా చెప్పింది, రేపు పేపరు కొనమని. ఇస్త్రీ ఆవిడకు కూడా చెప్పింది, చోటు పోయిందని అలిగింది కదా అని. తమ్ముడు ఎదురుగా కూర్చుని టీ తాగుతూ ఆ ఫోన్లన్నీ విన్నాడు. ఒక్కసారి కూడా ఆపలేదు.

మర్నాడు మొదటి పేజీలో సగం ఆ ఫోటోయే. పైన పెద్ద అక్షరాల్లో: చెయ్యి కలిపారు, తుడిచేసుకున్నారు. కింద నిచ్చెన రాసిన వాక్యాల్లో ఒక్కటీ లేదు, అతని పేరు మాత్రం ఉంది. ఊరంతా ఒకటే గోల. అక్క ఎవరో తెలియని వాళ్ళు కూడా అక్క కోసం గుండెలు బాదుకున్నారు. టీకొట్ల దగ్గర ఆమె మూసుకున్న కళ్ళనూ నవ్వునూ చూపించి "పాపం, పిచ్చిది, దానికి తెలియనే లేదు చూడు" అనుకున్నారు. ఏజెన్సీ ఆఫీసులో నిచ్చెన వీపు తట్టని చెయ్యి లేదు. దొడ్డిలో నిన్న పక్కన నిలబడ్డ ఆరుగురిలో మాత్రం ఒక్కడూ పలకరించలేదు.

మధ్యాహ్నం అక్క ఇంటికి బయల్దేరాడు. చెప్పాల్సిన మాటలన్నీ దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. కెమెరా సంచీ భుజాన ఉంది. ఎప్పుడూ ఉండేదే.

తలుపు తీసే ఉంది. అక్క యూనిఫాంలోనే కుర్చీలో కూర్చుని ఉంది. ఆసుపత్రి గేటు ముందు విలేఖరులు మూగారని సూపరింటెండెంటు ఆమెను పొద్దున్నే ఇంటికి పంపేశాడు. బల్ల మీద పేపరు బోర్లించి ఉంది.

"తిన్నావా?" అని అడిగింది.

"తిన్నాను." తినలేదు. "అక్కా, ముందు నా మాట విను. అది నిన్ను చూసి చేసింది కాదు. పదిమందికి ఒకసారి తుడుచుకోవాలని డాక్టర్లు చెప్పారంట. ఎక్కడైనా ఇంతే. నీ బదులు సూపరింటెండెంటు నిలబడినా తుడుచుకునేవాళ్ళే. నేను కింద అంతా రాసి పంపాను. వాళ్ళే తీసేశారు."

"పదిమందికి ఒకసారా?"

"అవునక్కా."

"నేను తొమ్మిదో దాన్ని కదరా."

నిచ్చెన చూపు బల్ల మీద బోర్లించిన పేపరు మీదికి పోయింది.

"పొద్దున ఇస్త్రీ ఆవిడ చెప్పింది, నీ తమ్ముడు మార్పించబట్టి నేను బతికిపోయానే అని. నవ్వుతూనే చెప్పిందిలే," అంది అక్క. "దానికి నేనేం అనుకోవట్లేదు. ఫోటో బాగా రావాలని మార్పించావు. నా కోసమే. ఆ మాత్రం తెలీదా నాకు?"

నిచ్చెన అమ్మయ్య అనుకున్నాడు. ఇంత సులువుగా గట్టెక్కుతానని అనుకోలేదు.

"తాడు పక్కన మన వార్డు వాచ్‌మన్ నిలబడ్డాడంట," అక్క అదే గొంతుతో అంది. "ఆ బట్టావిడ రాగానే ఫోటోలు తీసేవాళ్ళందరూ కెమెరాలు దించేశారంట కదా."

నిచ్చెన భుజాన సంచీ పట్టీ సవరించుకున్నాడు.

"వాళ్ళకి నేనేమవుతానురా? నా మొహం కూడా తెలీదు వాళ్ళకి. అయినా దించారు. నువ్వెందుకు దించలేదు?"

అప్పుడే జేబులో ఫోను మోగింది. ఆపబోయి కంగారులో ఎత్తాడు. డెస్క్ పెద్దాయనది మామూలుగానే మైకు గొంతు. ఆ చిన్న గదిలో ప్రతి అక్షరం వినపడింది.

"నిచ్చెనా, దొరికిందా? అదేనయ్యా, ఎవరో తెలియదన్నావే, ఆ ఊడ్చే ఆవిడ! ఇప్పుడెట్లా ఉందో ఒక్క ఫోటో పట్రా. ఏడుస్తుంటే మరీ మంచిది. సాయంత్రంలోగా నా బల్ల మీద ఉంటే నీ కార్డు ఇవాళే చేయిస్తా."

నిచ్చెన ఫోను జేబులో పెట్టాడు. అక్క మొహంలో కోపం కోసం వెతికాడు. ఉంటే బాగుండేది. కాళ్ళ మీద పడటానికి వీలుండేది. అక్కడ కోపం లేదు. ఎవరో కొత్త మనిషి ఇంటికి వస్తే, ఎవరబ్బా అని చూసే చూపు ఉంది.

"తియ్యి," అంది.

"ఏంటక్కా?"

"ఫోటో. నువ్వు తియ్యకపోతే ఆ గేటు దగ్గరి వాళ్ళు వచ్చి తీస్తారు. కార్డు ఇస్తానంటున్నాడుగా. తియ్యి."

"వద్దక్కా."

"తియ్యరా."

"వద్దు, నేను తియ్యలేను."

అలా రెండుసార్లు వద్దన్నాడు. అతని తరఫున చెప్పడానికి ఉన్నది ఇంతే. మూడోసారి ఆమె చెప్పినప్పుడు వద్దనలేదు. సంచీ జిప్పు తీశాడు.

అక్క జుట్టు సవరించుకుంది. చిన్నప్పటి లాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఏడవాలా?" అని అడిగింది.

"అక్కర్లేదక్కా. అట్లా ఉంటే చాలు."

నొక్కాడు. చేతులు వణకలేదు. వణికితే ఫోటో పోతుంది, ఆ విద్య అతనికి బాగా వచ్చు. మరోసారి నొక్కాడు. ఇంకోసారి.

"వచ్చిందా?" అంది.

"వచ్చిందక్కా."

"సరే. ఇంక వెళ్ళు. మళ్ళీ రాకు."

కాసేపు గుమ్మం బయట నిలబడ్డాడు, వెనక్కి పిలుస్తుందేమోనని. తలుపు మూసుకున్న చప్పుడైంది. మెట్లు దిగుతూనే ఫోటో పంపించాడు.